ముందు వేరేవాళ్ళ కవిత చదువు



నువ్వు పంపిన కవితలు చేరాయి. అచ్చుకి పంపవచ్చా అని అడిగావు. దానికంటే ముందు, ఇప్పుడు నీ బల్ల మీద ఎవరెవరి పుస్తకాలున్నాయో చెప్పు. కవిత్వం రాయాలనుకునే పిల్లలు చాలామంది శ్రీశ్రీతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. ఆ తర్వాత తెలుగు కవిత్వం ఎన్నో దారులు తొక్కింది. తిలక్ ‘అమృతం కురిసిన రాత్రి’ ఆయన పోయాక, 1968లో వెలువడింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల ‘నీలిమేఘాలు’, 1995లో దళిత కవితల ‘చిక్కనవుతున్న పాట’ వచ్చాయి. ఈ రెండు సంకలనాలూ తప్పకుండా చదువు. ఒకే కోపం ఎన్ని గొంతులతో పలుకుతుందో సంకలనంలో తెలిసినట్టు విడి పుస్తకంలో తెలియదు.

చదవడమంటే పైకి చదవడం. వచన కవితకి ఛందస్సు లేదు కాబట్టి లయ కూడా అక్కర్లేదనుకోకు. వచన కవిత కోసం 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించిన కుందుర్తి ఆంజనేయులు కవితలు గొంతెత్తి చదివి చూడు. పాదం ఎక్కడ విరవాలో కంటికంటే నోటికే ముందు తెలుస్తుంది.

ఇక నాన్న మీద రాసిన నీ కవిత. మొదటి పాదంలో చెమటచుక్కలు ముత్యాలయ్యాయి. అది నీ మాట కాదమ్మా, వందమంది వాడి అరగదీసిన మాట. ఏడో పాదంలో మాత్రం, చిరిగిన కాలరు తిప్పి కుట్టించుకున్న చొక్కాతో నాన్న నీ స్కూలుకొచ్చాడు. కవిత అక్కడ మొదలైంది. తిప్పి కుట్టిన కాలరు మిగతా చొక్కా కంటే ముదురు రంగులో ఉంటుంది, అన్నాళ్ళూ ఎండ తగలని వైపు కాబట్టి. అది రాయి. పైనున్న ఆరు పాదాలూ తీసెయ్. చివర ‘త్యాగమూర్తి’ని కూడా కొట్టెయ్. ఆ మాట చెప్పడానికి చొక్కా చాలు.

కొట్టివేత అలవాటు కావాలంటే నానీలు రాసి చూడు. ఎన్. గోపి 1997లో ‘వార్త’ దినపత్రికలో మొదలుపెట్టిన ఈ రూపానికి నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ రాస్తే ఒక్కో విశేషణం ఎంత చోటు ఆక్రమిస్తోందో తెలిసొస్తుంది. లెక్క సరిపోయినంత మాత్రాన కవిత అయిపోదు, అది వేరే సంగతి. అచ్చు తొందర పట్టుకున్నప్పుడు కవి అజంతాని తలుచుకో. దశాబ్దాల పాటు రాసినాయన తెచ్చిన సంపుటి ఒక్కటే, 1993 నాటి ‘స్వప్నలిపి’. 1997లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

అచ్చు సంగతి అలా ఉంచు. కవిత్వాన్ని పండగ చేసుకోవడం ఎలాగో దిగంబర కవులు చూపించారు. 1965 మే 6 అర్ధరాత్రి, హైదరాబాదులో, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత తమ మొదటి సంపుటిని ఆవిష్కరింపజేశారు. రెండోది 1966లో విజయవాడలో ఒక హోటలు కార్మికుడి చేతుల మీదుగా వచ్చింది. వాళ్ళ భాషతో ఎవరికైనా పేచీ ఉండొచ్చు. పుస్తకం ముందుగా ఎవరి చేతికి అందాలన్న ఎంపికలో మాత్రం వాళ్ళ కవిత్వమంతా ఉంది. అతిథుల ప్రసంగాలూ సన్మానాలూ అయ్యాక, సగం కుర్చీలు ఖాళీ అయినప్పుడు కవిని పిలిచే సభలు చూస్తే బాధేస్తుంది.

వచ్చే ఉగాదికి మీ ఊరి గ్రంథాలయంలో కవిసమ్మేళనం పెడుతున్నామని రాశావు. పిలిచే ప్రతి ఒక్కరికీ ముందే చెప్పు: చదవాల్సినవి రెండు కవితలు, మొదటిది వేరేవాళ్ళది. దాన్నే ఎందుకు ఎంచుకున్నారో రెండు మాటల్లో చెప్పి, ఆ తర్వాతే తమది చదవాలి. శాలువాలకని తీసిపెట్టిన డబ్బుతో సంకలనాలు కొని గ్రంథాలయంలో పెట్టించు. నీ వంతుకి ఇస్మాయిల్ కవిత ఏదైనా తీసుకో. చిన్నది చాలు. ఇప్పటినుంచే రోజూ ఒకసారి పైకి చదువుతూ ఉండు, ఆ రోజుకి కాగితం అవసరం లేకుండా పోతుంది.