తగిరిస ఆకుపై తెల్లని గుడ్డు

ప్రశ్న: వానాకాలంలో ఖాళీ స్థలాల్లో మొలిచే తగిరిస మీది సీతాకోకచిలుక గుడ్లను ఇంట్లో పెంచవచ్చా? (ఒక పాఠకురాలు, సూరత్)

జవాబు: పెంచవచ్చు. గుజరాతీలు కువాడియో అనే తగిరిస చిక్కుడు కుటుంబపు మొక్క. కామన్ ఎమిగ్రెంట్, మాటిల్డ్ ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుకలకు ఇది ఆతిథ్య మొక్క, అంటే వాటి గొంగళిపురుగులకు ఆహారమయ్యే మొక్క. ఆకుపై నూకగింజలా నిటారుగా, ఒంటరిగా నిలిచిన తెల్లని గుడ్డును గీకి తీయక, కొమ్మతోపాటే కోసి, కాడను నీటి సీసాలో పెట్టి, పురుగు జారి మునగకుండా సీసా మూతిలో దూది కూరాలి. సుమారు 3 రోజుల్లో వెలువడే పురుగుకు నిత్యం తాజా ఆకు కావాలి. అంతకన్నా ముఖ్యంగా దాని రెట్టను రోజూ తీసివేయాలి, లేకుంటే సూరత్ వర్షాకాలపు చెమ్మకు బూజు పట్టి పురుగు చస్తుంది. అందుకే మూత బిగించిన డబ్బా కన్నా పలుచని గుడ్డ కట్టిన బుట్ట నయం. తగిరిస దొరకనప్పుడు, మందు చల్లని రేల చెట్టు లేతాకు కామన్ ఎమిగ్రెంట్ పురుగుకు సరిపోతుంది.