పాత గోడకు సిమెంటు పూత ఎందుకు నిలవదు?

ప్రశ్న: మట్టెవాడలో మాది తాతల నాటి పెంకుటిల్లు. మట్టి గోడలకు ఆ మధ్య సిమెంటు పూత వేయించాం. ఇప్పుడు నడుము ఎత్తు వరకు నెమ్మెక్కి పెచ్చులూడుతోంది. వాటర్‌ప్రూఫ్ రంగు వేయమంటారా?
– ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దమ్మా, ఆ రంగు జోలికి పోకండి. పాత ఇళ్ల పునాదుల్లో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని తడి గోడలోకి పాకుతుంది. సున్నపు పూత ఉన్నన్నాళ్లూ అది బయటికి ఆరిపోయేది. సిమెంటు దాన్ని లోపలే బిగించేసింది. ఆరే దారి లేక తడి ఇంకా పైకెక్కుతుంది, దాంతో వచ్చిన ఉప్పు పూతను నెట్టేస్తుంది. గోడను గోకి చూడండి, తెల్లటి పొడి రాలుతుంది. అదే ఆ ఉప్పు.

ముందు నీళ్ల సంగతి చూడండి. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా నేలను బయటికి వాలుగా చేయించండి. గోడను ఆనుకుని సిమెంటు గచ్చు ఉంటే జానెడు వెడల్పున తీయించండి. ఎండాకాలం మొదట్లో సిమెంటు పూత నెమ్మదిగా ఒలిపించి, గోడను వర్షాల ముందు వరకు ఆరనివ్వండి. తర్వాత ఒకపాలు నానిన సున్నానికి మూడుపాళ్ల ఇసుక కలిపి, పలుచగా రెండు విడతలు పూయించాలి. తొందరపెట్టే మేస్త్రీకి ఈ పని ఇవ్వకండి. పైన వెల్ల చాలు.

గోడ ఉబ్బినా, బీటలో రూపాయి బిళ్ల దూరినా, వాసాలు కుంగినా పూత పని ఆపి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించండి. మరో సంగతి: వరంగల్ కోట వంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, మరమ్మతుకూ అనుమతి కావాలి. ఆపై 200 మీటర్లలోనూ అనుమతి తప్పదు. ఇల్లు ఆ హద్దులో ఉందేమో పురావస్తు శాఖ కార్యాలయంలో ముందే అడగండి.