డిప్రెషన్ గోలీలు ఆపాలనుకుంటున్నారా? ఒక్కసారిగా బంద్ పెట్టకండి

కోడేరు మండలంలో ప్రభుత్వ దవాఖాన నుంచి మానసిక ఆరోగ్య మందులు తీసుకుంటున్న లబ్ధిదారులకు, వారి ఇంటివాళ్లకు ఈ సమాచారం. ఫోన్‌లో దాచుకోండి. చదవలేనివారు ఇంట్లో ఉంటే చదివి వినిపించండి.

గోలీలు మొదలుపెట్టి నాలుగైదు నెలలైంది. నిద్ర పడుతోంది, అన్నం సహిస్తోంది, మళ్లీ పనికి పోతున్నారు. "బాగైంది గదా, ఇగ గోలీలెందుకు" అనిపిస్తుంది. లేదంటే పట్టీ అయిపోయింది, దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది, వచ్చే వారం చూద్దామనుకున్నారు. లేదంటే ముంబైకో పుణెకో పనికి పోయిన చోట ఆ గోలీ దొరకలేదు. కారణం ఏదైనా కావచ్చు, గోలీ ఆగింది. రెండు మూడు రోజులకు తల గిర్రున తిరుగుతుంది. కళ్లు పక్కకు తిప్పితే తలలో సన్నగా కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది. వాంతి వచ్చినట్టు ఉంటుంది. ఊరికే చెమటలు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. రాత్రంతా పిచ్చి పిచ్చి కలలు.

ఇక్కడే చాలా ఇండ్లలో లెక్క తప్పుతుంది. కొందరు "జబ్బు తిరగబెట్టింది, ఇక జీవితాంతం మింగాల్సిందే" అని దిగులుపడతారు. కొందరు "ఈ గోలీలకు అలవాటు పడ్డాడు, కల్లుకు పడ్డట్టే" అంటారు. ఎవరో ఏదో చేయించారని తాయెత్తు కోసం బయలుదేరేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు ఇది ఈ మూడింటిలో ఏదీ కాదు. గోలీ ఒక్కసారిగా ఆగినందుకు ఒళ్లు చేస్తున్న గోల మాత్రమే. దీనికి పద్ధతి ఉంది, పోతుంది కూడా.

ఏ గోలీల గురించి చెబుతున్నాం?

మీ చీటీ మీద, పట్టీ వెనక చూడండి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూక్సెటిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, అమిట్రిప్టిలిన్ వంటి పేరు ఉంటే ఈ కాగితం మీ కోసమే. అమిట్రిప్టిలిన్‌ను తలనొప్పికి, నరాల నొప్పికి కూడా రాస్తారు. కాబట్టి "నాకు డిప్రెషన్ లేదు" అనుకునేవారు కూడా ఒకసారి పట్టీ తిప్పి చూసుకోవడం మంచిది.

ఇవి మెదడులో సెరోటోనిన్ వంటి పదార్థాల మీద పని చేస్తాయి. నెలల తరబడి రోజూ గోలీ పడుతుంటే మెదడు దానికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే మళ్లీ సర్దుకోవడానికి దానికి టైం చాలదు. ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోయే పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఈ బాధ ఎక్కువ, ఒకటి రెండు రోజుల్లోనే మొదలుకావచ్చు. ఫ్లూక్సెటిన్ ఒంట్లో వారాల పాటు నిలుస్తుంది కాబట్టి బాధ తక్కువ, వస్తే ఆలస్యంగా వస్తుంది. మిగతావి ఈ రెండింటి మధ్యలో.

అందరికీ వస్తుందా? రాదు. 2024లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రిక 79 పరిశోధనలను, దాదాపు 21 వేల మందిని కలిపి చూసిన లెక్క ప్రచురించింది. గోలీ ఆపినవారిలో సుమారు 31 శాతం మంది ఏదో ఒక బాధ చెప్పారు. అయితే మందు లేని ఉత్త గోలీ ఇచ్చి ఆపినవారిలో కూడా 17 శాతం మంది అలాగే చెప్పారు. అంటే భయం వల్ల, అనుమానం వల్ల అనిపించేది తీసేస్తే ఆరేడుగురిలో ఒకరికి నిజంగా గోలీ ఆపడం వల్లే బాధ వస్తుంది. తట్టుకోలేనంత తీవ్రంగా రావడం సుమారు 35 మందిలో ఒకరికి. భయపడి గోలీ మొదలుపెట్టకుండా ఉండేంత పెద్ద సంఖ్య కాదిది, అట్లని నవ్వి వదిలేసేది కూడా కాదు. బ్రిటన్‌లో మానసిక వైద్యుల సంఘం కూడా చాలాకాలం దీన్ని చిన్న ఇబ్బందిగానే చెప్పింది. కొందరికి తీవ్రంగా, ఎక్కువ రోజులు ఉంటుందని 2019లో తన మాట మార్చుకుంది. కాబట్టి మీరు చెప్పే బాధను ఎవరైనా "అదంతా నీ భ్రమ" అని కొట్టిపారేస్తే, మీరు చెప్పడం మానకండి.

జబ్బు తిరగబెట్టిందా, గోలీ ఆపిన బాధనా?

మొదట రోజులు లెక్కపెట్టండి. గోలీ ఆపిన లేదా తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలైతే ఆపిన బాధ అయ్యే అవకాశం ఎక్కువ. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా మెల్లగా, వారాలు, నెలలు తీసుకుని వస్తుంది. తర్వాత బాధ రకం చూడండి. తల తిరగడం, తలలో జిల్లుమనడం, వికారం, ఫ్లూ జ్వరంలా ఒళ్లు నొప్పులు మీకు మొదట్లో డిప్రెషన్ వచ్చినప్పుడు ఉన్నాయా? లేకపోతే ఇవి కొత్తవి, గోలీ ఆగడం వల్ల వచ్చినవి. మూడోది, డాక్టర్ చెప్పి మళ్లీ గోలీ మొదలుపెడితే ఆపిన బాధ ఒకటి రెండు రోజుల్లో, ఒక్కోసారి గంటల్లోనే తగ్గుతుంది. జబ్బు తిరగబెడితే అంత తొందరగా తగ్గదు, వారాలు పడుతుంది.

దిగులు, ఏడుపు, నిద్ర లేకపోవడం మాత్రం రెండింటిలోనూ ఉంటాయి. అక్కడ మీరే తేల్చుకోకండి. తేదీలు రాసుకుని డాక్టర్‌కు చూపించండి. గోడ మీది క్యాలెండర్ చాలు: గోలీ ఆపిన రోజు ఒక గుర్తు, బాధ మొదలైన రోజు ఒక గుర్తు.

కల్లు సంగతి వేరు

మన పాలమూరు వాళ్లకు ఈ పోలిక చెప్పక తప్పదు. 2015లో కల్తీ కల్లు మీద కట్టడి పెరిగినప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మత్తు మందు లేని కల్లు తాగిన మనుషులు వింతగా ప్రవర్తించారు, చేతులు వణికాయి, ఫిట్స్ వచ్చాయి, దవాఖానలు నిండిపోయాయి. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు. వాటిని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

డిప్రెషన్ గోలీలు ఆ జాతివి కావు. వీటితో మత్తు ఎక్కదు, ఇంకో గోలీ, ఇంకో గోలీ అని యావ పుట్టదు. ఆపితే వచ్చే బాధ చాలావరకు ఇబ్బందే తప్ప ప్రాణాపాయం కాదు. కానీ ఒక చిక్కుంది. కొన్ని చీటీల్లో డిప్రెషన్ గోలీతో పాటు నిద్రకు ఆల్ప్రాజోలం లేదా క్లోనజిపామ్ కూడా ఉంటుంది. రెండూ కలిపి ఒకే రోజు బంద్ పెడితే ఫిట్స్ రావచ్చు. రోజూ కల్లు తాగే అలవాటు ఉన్నవారైతే ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మిమ్మల్ని తిట్టడానికి కాదు, ఏది ముందు తగ్గించాలో తెలియడానికి.

ఇప్పటికే ఆపేసి ఉంటే

మానేసి కొద్ది రోజులే అయితే వెంటనే దవాఖానకు పోండి, లేదా 14416కు ఫోన్ చేయండి. చాలామందికి పాత మోతాదే మళ్లీ మొదలుపెట్టి, బాధ తగ్గాక మెల్లగా తగ్గించుకుంటూ వస్తారు. మానేసి వారాలు గడిచిపోతే పాత మోతాదు సొంతంగా అందుకోకండి, ఒక్కోసారి తక్కువ నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి గోలీ టైం దగ్గరపడితే ఆ పూటది వదిలేయండి. "నిన్నటిది, ఇయ్యాల్టిది" అని రెండు కలిపి మింగొద్దు.

బాధ ఉన్న రోజుల్లో మంచం మీది నుంచి, నాట్ల దగ్గర వంగిన చోటి నుంచి మెల్లగా లేవండి. బండి నడపడం, ట్రాక్టర్ ఎక్కడం, బావి గట్టున మోటరు పని, మందు పిచికారీ ఆ నాలుగు రోజులు ఇంకెవరికైనా అప్పజెప్పండి. వికారానికి ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా గంజి, మజ్జిగ, జొన్న రొట్టె ఏది సహిస్తే అది తినండి. నిద్ర రావడం లేదని కల్లు, సారా జోలికి పోకండి, పక్కింటివాళ్ల నిద్ర గోలీ అడుక్కోకండి. ఒంటి నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే మీరు ఏ గోలీ మింగేవారో, మింగుతున్నారో పట్టీ చూపించి చెప్పండి. ట్రమడాల్ అనే నొప్పి మందు వీటితో కలిస్తే ప్రమాదం.

ఇంటివాళ్లకు ఒక్క మాట. ఆ వారం మనిషి చిరచిరలాడితే అది మీ మీద కోపం కాదు. మాటకు మాట పెంచకండి, నీళ్లిచ్చి పడుకోనివ్వండి. చాలామందికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. కొందరికి నెలలు పడుతుంది. అలాంటివారిని "ఇంకా తగ్గలేదా" అని రోజూ అడగడం వల్ల ఉపయోగం లేదు.

ఆపే పద్ధతి

గోలీ ఆపాలనుకోవడం తప్పు కాదు. డాక్టర్‌ను "నాది ఎప్పుడు ఆపొచ్చు" అని అడిగే హక్కు మీకుంది, అడగండి. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవారైతే పూర్తిగా బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు మింగమంటారు. ఇంతకుముందు రెండు మూడుసార్లు వచ్చినవారికి ఇంకా ఎక్కువ. గర్భిణులు, పిల్లలకు పాలిచ్చే తల్లులు భయంతో సొంతంగా ఆపకుండా ముందు ఏఎన్‌ఎంతో, డాక్టర్‌తో మాట్లాడాలి.

తగ్గించేటప్పుడు దిగుడు బావిని గుర్తుపెట్టుకోండి. పై మెట్లు వెడల్పు, గబగబా దిగొచ్చు. నీళ్ల దగ్గరి మెట్లు ఇరుకు, పాకుడు, ఒక్కో అడుగు చూసి వేయాలి. ఈ గోలీలూ అంతే. మోతాదు సగం చేసినా మెదడు మీద పని సగం తగ్గదు, కొంచెమే తగ్గుతుంది. చివర్లో మిగిలిన చిన్న ముక్క తీసేసినప్పుడే పెద్ద తేడా పడుతుంది. "సగానికి తగ్గించినా ఏం గాలేదు, ఇగ మొత్తం ఆపేస్తా" అనుకున్నవారు పడిపోయేది ఈ చివరి మెట్టు మీదే. అందుకే డాక్టర్లు సగానికి, ఆ సగంలో సగానికి, ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు ఆగుతూ దించుతారు. ఏళ్ల తరబడి మింగినవారికి మొత్తం నెలలు పట్టవచ్చు. ఒక మెట్టు మీద బాధ ఎక్కువైతే పై మెట్టుకు ఎక్కి కొన్నాళ్లు ఆగడం ఓటమి కాదు.

రోజు విడిచి రోజు మింగి తగ్గిద్దామని చాలామంది అనుకుంటారు. తొందరగా ఒంట్లోంచి పోయే గోలీలతో ఇలా చేస్తే రోజు విడిచి రోజు బాధ పడడమే అవుతుంది. గీత ఉన్న గోలీని మాత్రమే విరగ్గొట్టండి, క్యాప్సూల్ విప్పి పొడి పంచుకోకండి. పంట కోతలు, బిడ్డ పెళ్లి, ఇంట్లో చావు, ఊరు మారడం వంటి రోజుల్లో తగ్గించడం మొదలుపెట్టకండి. కాస్త నిమ్మళంగా ఉండే నెల చూసుకోండి.

గోలీ ఆగకుండా ఉండాలంటే

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అత్యవసర మందుల జాబితాలోని మానసిక ఆరోగ్య మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై స్థాయి ప్రభుత్వ దవాఖానలన్నింటిలో ఎల్లప్పుడూ ఉచితంగా దొరకాలి. పేదలకు చికిత్స కూడా ఉచితమే, కార్డు ఉన్నా లేకపోయినా. మన మండలం వారు మొదట కోడేరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, లేదా ఊరి ఆశా కార్యకర్తను అడగండి. మందు మార్చాలన్నా, తగ్గించాలన్నా కొల్లాపూర్ ప్రభుత్వ ఆసుపత్రికో నాగర్‌కర్నూల్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో చీటీ రాయించుకోండి. మానసిక వైద్యుల ఓపీ ఏ రోజో ముందే కనుక్కుంటే ఒక కూలి మిగులుతుంది. పట్టీలో వారం గోలీలు మిగిలి ఉన్నప్పుడే పోండి, అయిపోయాక కాదు.

ఈసారి ఇచ్చిన గోలీ రంగు, డబ్బా వేరేగా ఉండవచ్చు. కంపెనీ మారినా మందు అదే అయి ఉంటుంది. "ఇది నాది కాదు" అని పక్కన పెట్టడం, లేదా పాతది కొత్తది రెండూ మింగడం, రెండూ ప్రమాదమే. పట్టీ మీద మందు పేరు, మిల్లీగ్రాములు చీటీతో కలిపి చూడండి, అర్థం కాకపోతే ఫార్మసీలో అడగండి.

వలస పోయేవారు బయలుదేరే ముందే "ఇన్ని నెలలు ఉండను" అని డాక్టర్‌కు చెప్పి అన్ని రోజుల గోలీలు అడగండి. చీటీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, ఇంటి దగ్గర ఒకరికి పంపండి. చీటీలో కంపెనీ పేరు కాదు, మందు పేరు ఉండేలా చూసుకోండి. అప్పుడు ఏ రాష్ట్రంలోనైనా ఆ మందు అడగొచ్చు.

ఇవి కనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు

చావాలన్న ఆలోచన రావడం, ఫిట్స్, మనిషి తెలివి తప్పడం, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో తిరగడం, లేనివి కనిపించడం. వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో ఉన్న పురుగుల మందు డబ్బాలు, మిగిలిన గోలీలు తాళం వేసి తాళం చెవి వేరొకరి దగ్గర పెట్టండి.

మాట్లాడే మనిషి కావాలంటే టెలీమానస్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ పగలూ రాత్రీ ఉంటుంది, పైసలు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు. ముంబైలో ఉన్నా, పుణెలో ఉన్నా తెలుగే కావాలని అడగండి. ఫోన్ చేసేటప్పుడు పట్టీ చేతిలో పట్టుకోండి, మొదట అడిగేది ఏ గోలీ, ఎప్పటి నుంచి, ఎప్పుడు ఆపారు అనే.