లావైన మనిషికి కీమో మందు ఎంత?

మా ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతాం. మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసినప్పుడు చుట్టాలు రెండు భాషల్లోనూ ఒకటే మాట అన్నారు: "మనిషి లావు, తట్టుకోలేదు, మందు కాస్త తగ్గించి ఇవ్వమనండి." అది సరేనా అని ఈ లెక్క నేర్చుకున్నాను.

చాలా కీమో మందులకు మోతాదు ఒంటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి కడతారు. 1987లో మోస్టెల్లర్ ఇచ్చిన సూత్రం సులువు. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకొని గుణించాలి. 3600తో భాగించి వర్గమూలం కట్టాలి. వచ్చేది చదరపు మీటర్లు.

ఎత్తు 160, బరువు 90 అనుకుందాం. గుణిస్తే 14400, భాగిస్తే 4, వర్గమూలం 2. డాక్సోరూబిసిన్ చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములైతే, మందు 120 మిల్లీగ్రాములు. భయపడి బరువు 60 అని వేస్తే వైశాల్యం 1.63, మందు సుమారు 98 మాత్రమే! జబ్బు మీద దెబ్బ అంత తగ్గినట్టే గదా.

అందుకే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2012లోనూ, మళ్ళీ 2021లోనూ, ఊబకాయం ఉన్న పెద్దవాళ్ళకూ అసలు బరువుతోనే పూర్తి మోతాదు కట్టమంది. లావు వల్ల దుష్ఫలితాలు పెరుగుతాయని తేలలేదు.

కొన్ని మందుల దారి వేరు. విన్‌క్రిస్టిన్‌ను మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. కార్బోప్లాటిన్‌కు మూత్రపిండాల పనితీరు చూస్తారు. ఆ నిర్ణయం డాక్టరుగారిదే.

మనం చేయగలిగింది ఒకటుంది. ఎత్తూ బరువూ ఆసుపత్రిలోనే కొలిపించాలి. సిగ్గుపడి బరువు తగ్గించి చెప్తే, తగ్గేది మందే.