కలివికోడి అడుగు పట్టే మట్టిపట్టీ

బద్వేలు నుంచి సిద్ధవటం పోయే దారిలో లంకమల కొండలు తోడొస్తాయి. ఆ కొండల కింది చిట్టడవిలో తిరిగే కలివికోడి అనే పక్షిని 1848లో పక్షిశాస్త్రవేత్త జెర్డాన్ లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది కనిపించకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతపు వేటగాడొకరు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చాకే మళ్లీ లెక్కలోకొచ్చింది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడటానికి ముఖ్య కారణం ఈ పక్షే.

కలివికోడి దగ్గరి చుట్టాలన్నీ ఆఫ్రికాలోనే ఉన్నాయి, ఆ గుంపులో ఆసియాలో ఉన్నది ఇదొక్కటే. ఇది పగలు పొద కింద కదలకుండా కూర్చుని రాత్రి తిరుగుతుంది. అందుకే దాని వెంటపడకుండా అది నడిచే దారిలో మట్టి పరిచి కాలిగుర్తు పట్టే పద్ధతిని పరిశోధకులు ఎంచుకున్నారు.

ముందు అటవీశాఖ అనుమతి కావాలి. తర్వాత చోటు చూసుకోవాలి, సగం పని ఇదే. రెండు మీటర్ల ఎత్తుకు మించిన తుమ్మ, రేగు లాంటి పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు వెయ్యికి మించని నేల కలివికోడికి నచ్చుతుంది. అంతకంటే దట్టమైతే పక్షికి నడవను దారుండదు, మరీ పలచనైతే దాక్కోను నీడుండదు. మేకలు బొత్తిగా రాకపోతే కంప కమ్ముకుంటుంది, మితిమీరితే నేల బోడిగా మారుతుంది. కాపరులందరినీ తరిమేస్తే అడవి బాగుపడుతుందనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

పొదల మధ్య సందులో రాళ్లు, ముళ్లు ఏరేయాలి. మట్టిని రాగిపిండిలా మెత్తగా జల్లించి, 5 మీటర్ల పొడవు, పావు మీటరు వెడల్పున పలచటి పట్టీగా పరిచి, సాయంత్రం చదును చేయాలి. గులకరాయి ఒక్కటి మిగిలినా గుర్తు చెదురుతుంది. వాన పడితే పని మళ్లీ మొదటికొస్తుంది.

మర్నాడు తెల్లవారుజామునే, గాలి లేవకముందే, మందలు రాకముందే పట్టీ చూడాలి. కలివికోడికి ముందువైపు మూడు వేళ్లే, వెనక వేలు లేదు. అంతమాత్రాన తేల్చేయకూడదు: కంకలేడి అనే పక్షికీ వెనక వేలుండదు, కాకపోతే దాని అడుగు పెద్దది. అందుకే వేళ్ల పొడవు, మందం కొలిచి, ఫొటో తీసి, తెలిసిన పక్షుల అడుగులతో పోల్చాలి. సరిపోలితే అక్కడే కెమెరా బిగించాలి. పొద్దుగూకిన కాసేపటికి అది కూస్తుంది, కొద్దిసేపే. ఆ వేళకు చెవి ఒగ్గి కూర్చోవాలి.

ఇంత ఓపిక దేనికంటే, 2005లో తెలుగుగంగ కాలువ కోసం యంత్రాలు ఈ చిట్టడవిలోకే దిగాయి. పక్షి ఎక్కడ తిరుగుతోందో అప్పటికే ఆధారాలు పోగుపడి ఉన్నందువల్ల తవ్వకం ఆగింది, కాలువ దారి మార్చారు.