తెల్లవారుజామున క్రేట్‌లో కుక్కపిల్ల ఏడుపు

సమస్య

హైదరాబాదు మియాపూర్‌లో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో భర్తతో, అత్తగారితో కలిసి ఉంటున్న ఒక ఉద్యోగిని, తమ ఇంటికి కొత్తగా వచ్చిన లాబ్రడార్ కుక్కపిల్ల గురించి లేఖ రాశారు. దాని వయసు పది వారాలు దాటింది. రాత్రిపూట అది ఎక్కడపడితే అక్కడ తడి చేయకుండా, చెప్పులూ చార్జర్ తీగలూ కొరకకుండా ఉండాలని వారు ఒక క్రేట్‌ను, అంటే ఇనుప ఊచలతో, గడియ ఉన్న తలుపుతో అమర్చిన బోనును కొని హాలులో ఒక మూల పెట్టారు. రాత్రి పదిన్నరకు లోపలికి పంపితే అది కాసేపు కుయ్ కుయ్ మని పడుకుంటుంది. రెండు గంటల ప్రాంతంలో భర్త లేచి ఒకసారి బయటికి తీసి మళ్లీ లోపల పెడితే పేచీ పెట్టకుండా నిద్రపోతుంది. చిక్కంతా తెల్లవారుజామునే. నాలుగూముప్పావు కాగానే సన్నగా మూలగడం మొదలుపెట్టి, కాసేపటికే గొంతు పెంచి, తలుపును గోళ్లతో గీరుతూ అరుస్తుంది.

దీనికి ఏం చేయాలన్న విషయంలో ఇంట్లో ఒక మాట లేదు. వీడియోలు చూసి నేర్చుకున్న భర్త, ఏడుపు ఆపేదాకా తలుపు తీయకూడదంటారు. పూజ కోసం అయిదింటికే లేచే అత్తగారు పసిప్రాణమని జాలిపడి గడియ తీసి, గిన్నెలో పాలు పోసి, అందులో రెండు బిస్కెట్లు నానబెట్టి పెడతారు. ఒకరోజు ఆయన పంతం, మరొకరోజు ఆమె జాలి నెగ్గుతూ వచ్చాయి గాని అరుపు తగ్గకపోగా పెరిగింది. కింది అంతస్తువారు ఫిర్యాదు చేయడంతో క్రేట్‌ను బాల్కనీలోకి మార్చాలన్న ఆలోచన కూడా వచ్చింది. కుక్కపిల్లది నిజమైన అవసరమా, మారామా అనీ, ఏడుస్తుంటే వదిలేయవచ్చా అనీ, బాల్కనీ మంచిదేనా అనీ ఆమె అడిగారు.

సలహా

ఈ కుక్కపిల్ల ఏడుపులో అవసరమూ ఉంది, అలవాటూ ఉంది. అవసరంగా మొదలైనదానికి ఇంటివారే తెలియక అలవాటును జతచేశారు. ఈ రెండింటినీ విడదీయకుండా అంతా అవసరమేనని తలుపు తీసినా, అంతా మొండితనమేనని చెవులు మూసుకున్నా ఫలితం ఒక్కటే అవుతుంది. ఆ ఇంట్లో ప్రస్తుతం రోజు మార్చి రోజు జరుగుతున్నది అదే.

ముందు అవసరం సంగతి. పెంపకందారులు స్థూలంగా పాటించే లెక్క ప్రకారం కుక్కపిల్ల వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు అది పగటిపూట మూత్రాన్ని ఆపుకోగలదు. అంటే రెండున్నర నెలల కూనకు మూడు, మూడున్నర గంటలు. నిద్రలో మూత్రం తయారయ్యే వేగం తగ్గుతుంది గనుక రాత్రి ఈ వ్యవధి కొంత పెరుగుతుంది. పదిన్నరకు పడుకుని, రెండింటికి ఒకసారి బయటికి వచ్చి, నాలుగూముప్పావుకు మళ్లీ పిలుస్తున్న కూన ఈ లెక్కకు దాదాపు సరిగ్గా సరిపోతోంది. దానిలో అసహజం ఏమీ లేదు. పైగా ఆ వేళకు నిద్ర బాకీ చాలావరకు తీరిపోయి ఉంటుంది. కుక్కపిల్లలు రోజులో పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్రపోయే మాట నిజమే అయినా, ఆ నిద్ర చిన్నచిన్న తునకలుగా సాగుతుంది గాని మనుషుల రాత్రినిద్రలా ఏకబిగిన సాగదు. కుక్కలు స్వభావరీత్యా వేకువనా సందెవేళనా చురుగ్గా ఉండే జంతువులు కూడా. అటువంటి తేలికనిద్రలో ఉన్న కూనకు సెల్లార్‌లో మోటారు వేసిన చప్పుడు, పాల ప్యాకెట్లు వేసే మనిషి అడుగుల సవ్వడి, వంటింట్లో వెలిగిన లైటు ఏదైనా చాలు, మెలకువ వచ్చేస్తుంది. మెలకువ రాగానే నిండిన మూత్రకోశం గుర్తుకు వస్తుంది.

ఈ స్థితిలో ఉన్న కూనను ఏడుపు మానేదాకా లోపలే ఉంచాలన్న సూత్రం ప్రమాదకరం. క్రేట్ శిక్షణ అంతా ఆధారపడేది కుక్కకు సహజంగా ఉన్న ఒక్క గుణం మీద: కుక్క తాను పడుకునే చోటును మలినం చేసుకోదు. కళ్లు తెరిచి నడక నేర్చిన కొద్దిరోజులకే పిల్లలు తల్లి పక్కనుంచి నాలుగడుగులు జరిగి మూత్రం పోయడం దగ్గరనుంచి చూసినవారికి తెలుసు. ఆపుకోలేని కూనను తలుపు వేసి ఉంచితే అది చివరకు పడుకున్న చోటే తడి చేస్తుంది. మళ్లీ మళ్లీ అలా జరిగితే ఆ అసహ్యం పోతుంది, క్రేట్ తన ప్రయోజనాన్ని కోల్పోతుంది. ఇరుకు పంజరాల్లో ఎక్కువకాలం ఉంచి అమ్మిన పిల్లలకు ఇంటి శుభ్రత నేర్పడం కష్టమయ్యేది ఈ కారణంగానే. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి కేంద్ర నియమాలు చెబుతున్నా, ఎనిమిది వారాల వరకు వాటిని ఎటువంటి చోట ఉంచారన్నది కొనేవారు అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఇక అలవాటు. ఒక పని చేసిన వెంటనే ఇష్టమైన ఫలితం దొరికితే ఆ పని మళ్లీ చేసే అవకాశం పెరగడాన్ని మనోవిజ్ఞానశాస్త్రం పునర్బలనం అంటుంది. ప్రతిసారీ కాక, ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే ఫలితం దొరకడం పాక్షిక పునర్బలనం. పావురాల మీద ఫెర్‌స్టర్, స్కిన్నర్‌లు సాగించి 1957లో గ్రంథరూపంలో వెలువరించిన ప్రయోగాలు ఈ రకాలను విస్తారంగా చర్చించాయి. పాక్షికంగా బలపడిన అలవాటు, ఎప్పుడూ ఫలితం ఇచ్చిన అలవాటు కంటే మొండిగా నిలుస్తుందన్నది ఈ రంగంలో స్థిరపడిన విషయం. మియాపూర్ ఇంట్లో ఒకరోజు మూలిగిన వెంటనే, మరొకరోజు ఇరవై నిమిషాల అరుపు తరువాత తలుపు తెరుచుకుంటోంది గనుక, ఇరవై నిమిషాలు ఓపిక పడితే పాలూ బిస్కెట్లూ తప్పక వస్తాయని ఆ కూన నేర్చుకుంది. భర్త పట్టుదలను అత్తగారి జాలి చెడగొడుతోందని అనడం సరికాదు. ఇద్దరి పద్ధతులూ కలిసి ఈ పాఠం నేర్పాయి. అంతేకాక, అలవాటైన ఫలితం హఠాత్తుగా ఆగినప్పుడు, ఆరిపోయే ముందు దీపం ఒక్కసారి పెద్దగా వెలిగినట్టు, ఆ ప్రవర్తన తగ్గేముందు ఉద్ధృతమవుతుంది. సరిగ్గా ఆ ఘట్టంలో కింది అంతస్తువారికి భయపడి తలుపు తీసిన ఇంట్లో కుక్కపిల్ల నేర్చుకునేది మరింత గట్టిగా అరవాలని మాత్రమే.

కాబట్టి ఏడుపుకు ముందే తలుపు తీయడమే మేలైన మార్గం. కూన రోజూ నాలుగూముప్పావుకు లేస్తుంటే నాలుగున్నరకు అలారం పెట్టుకుని, అది నోరు విప్పకముందే ఒకరు వెళ్లి, పెద్ద లైటు వేయకుండా, ముద్దుమాటలు లేకుండా, ఎత్తుకుని దాని మూత్రవిసర్జన స్థలానికి తీసుకుపోవాలి. టీకాలు పూర్తికాని కూనను వీధిలోనో, ఇతర కుక్కలు తిరిగే పచ్చికలోనో దించకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. కాబట్టి బాల్కనీలో వార్తాపత్రికలు పరచిన ట్రే గాని, గడ్డి పలక గాని ప్రస్తుతానికి చాలు. పని కాగానే మెల్లగా ఒక మంచి మాట చెప్పి తిరిగి క్రేట్‌లో పెట్టాలి. ఆట, తిండి, కబుర్లు ఆరున్నర దాకా ఉండకూడదు. ఇలా మూడు నాలుగు రోజులు నిశ్శబ్దంగా గడిచిన తరువాత అలారాన్ని పది పదిహేను నిమిషాలు వెనక్కి జరుపుతూ పోవచ్చు. ఒకరోజు కూన అలారానికి ముందే లేచి మూలిగితే, ఊపిరి తీసుకోవడానికి అది ఆగే ఆ నాలుగైదు క్షణాల మౌనం కోసం చూసి, ఆ మౌనంలో తలుపు తీసి, మరునాడు అలారాన్ని మళ్లీ ముందుకు జరపాలి. నాలుగు నెలలు నిండేసరికి మూత్రకోశం పెరిగి, చాలా పిల్లలు రాత్రి ఆరేడు గంటలు ఆపుకోగలుగుతాయి.

తెల్లవారుజామున లేవగానే తిండి పెట్టే అలవాటును ప్రత్యేకంగా మానాలి. లేవడానికి ప్రతిఫలంగా భోజనం దొరికితే జీర్ణవ్యవస్థ కూడా ఆ వేళకు సిద్ధమైపోయి, ఆకలి స్వయంగా అలారంగా మారుతుంది. పైగా పాలు మాన్పించిన కుక్కపిల్లల్లో పాలచక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ అనే ఎంజైము తగ్గుతూ వస్తుంది గనుక, ఆవుపాలో ప్యాకెట్ పాలో తాగిన కూనకు పొట్ట ఉబ్బడం, విరేచనాలు కావడం సాధారణం. అలా కదిలిన పొట్టే దాన్ని మరునాడు మరికాస్త ముందు లేపుతుంది. ఈ వయసులో రోజుకు మూడు నాలుగుసార్లు తిండి పెడుతూ, చివరిది రాత్రి ఏడున్నరలోగా ముగించి, పడుకోబెట్టే ముందు ఒకసారి బయటికి తీయడం మంచిది. తెలంగాణ ఎండల్లో నీళ్లు మాత్రం తగ్గించరాదు.

క్రేట్‌ను హాలు మూలనుంచి పడకగదిలోకి, మంచానికి చేతి దూరంలోకి తేవడం మరో ముఖ్యమైన మార్పు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను దీర్ఘకాలం పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథం, మూడో వారం నుంచి దాదాపు పన్నెండో వారం వరకు ఉండే దశను సాంఘికీకరణ దశగా, అంటే కూన ఎవరిని తనవారిగా భావించాలో నేర్చుకునే దశగా గుర్తించింది. తల్లినీ తోబుట్టువులనూ వదిలి వచ్చిన కూనకు ఆ దశలో ఏకాంతం నిజమైన బాధ. మనిషి శ్వాస వినపడే దూరంలో పడుకోబెడితే ఆ బాధ తగ్గడమే కాదు, మూలుగు అరుపుగా మారకముందే ఇంటివారికి వినబడుతుంది. మూడువైపులా పలుచని నూలు దుప్పటి కప్పితే వెలుతురు అడ్డుతుంది. మే నెలాఖరున హైదరాబాదులో 5.40 ప్రాంతంలోనే సూర్యోదయమవుతుంది గనుక ఈ జాగ్రత్త వేసవిలో మరీ అవసరం. అయితే ఫ్యాను గాలి తగిలే వైపు తెరిచే ఉంచాలి.

పగటి శిక్షణ లేకుండా రాత్రి శిక్షణ నిలబడదు. తలుపు బార్లా తీసి ఉంచి అందులోనే తిండి పెట్టడం, గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి ఇచ్చి అది నాకుతుండగా కాసేపు తలుపు మూసి ఎదురుగా కూర్చోవడం, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు లోపల పడుకోబెట్టడం వంటివి ఆ చోటును దానికి ఇష్టమైనదిగా చేస్తాయి. క్రేట్ కూన లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాచి పడుకోగలిగినంత ఉండాలి. పెద్దదైతే మధ్యలో అడ్డు పెట్టి, పెరిగేకొద్దీ జరపవచ్చు. కదలడానికి తగినంత వీలులేని బోనులో జంతువును ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పదకొండో సెక్షన్ కింద నేరమని చాలామంది పెంపకందారులకు తెలియదు. స్వీడన్‌లో అయితే ఇంట్లో కుక్కను మామూలుగా బోనులో ఉంచడాన్నే చట్టం అనుమతించదు, అక్కడ కూడా కుక్కలు శుభ్రత నేర్చుకుంటూనే ఉన్నాయి. క్రేట్ అనేక సాధనాల్లో ఒకటి; ఆఫీసు వేళలంతా కూనను అందులో మూసి వెళ్లడానికి అది సాకు కారాదు.

బాల్కనీ ఆలోచనను మానుకోవాలి. కుక్క శరీరం ప్రధానంగా నాలుక చాచి రొప్పడం ద్వారానే వేడిని వదులుతుంది, ఇనుప ఊచలు ఉదయపు ఎండకే కాలుతాయి, తప్పించుకునే దారి లేని కూనకు అది ప్రాణాపాయం. పైగా అక్కడ పావురాలు, వాహనాలు, పక్క బ్లాకు కుక్కలు దాన్ని మరింత లేపుతాయి, అరుపు గోడల అడ్డు లేకుండా నేరుగా కింది అంతస్తుకే చేరుతుంది. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాస సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవు. అయినా పొరుగువారి నిద్ర విషయంలో చట్టం చూపించడం కంటే, కొన్ని వారాల్లో సర్దుకుంటుందని వారికి ముందుగా చెప్పి ఉంచడమే ఎక్కువ పనిచేస్తుంది.

అమలు విషయంలో అత్తగారు అడ్డంకి కారు, అందరికంటే అనువైన మనిషి. ఎలాగూ అయిదింటికి లేచే ఆమె కాస్త ముందు లేచి ఆ నిశ్శబ్దపు పని చూసుకుంటే, కోడలూ కొడుకూ అలారం పెట్టుకోవలసిన పని కూడా ఉండదు. పూజ ముగిసి తెల్లవారాక తిండి గిన్నె కూడా ఆమె చేతనే పెట్టిస్తే ఆమె ప్రేమకూ లోటు రాదు. భర్త రెండింటి వంతు కొనసాగించవచ్చు.

ఇంత చేసినా రెండు వారాల్లో మార్పు లేకపోతే, లేదా కూన మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తూ ముక్కుతున్నా, మూత్రంలో ఎరుపు కనిపించినా మూత్రనాళ సంక్రమణ ఉందేమో పశువైద్యుడు పరీక్షించాలి. తలుపు మూయగానే చొంగ కారుస్తూ, రొప్పుతూ, పళ్లతో ఊచలు కొరికి చిగుళ్ల నుంచి రక్తం వచ్చేదాకా పెనుగులాడితే మాత్రం దానిది మారామూ కాదు, మూత్రం అవసరమూ కాదు, భీతి; ఆ కూనకు క్రేట్ మాని, పడకగదిలోనే తలుపు దగ్గర చిన్నపిల్లల కోసం అమర్చే అడ్డు గేటు పెట్టి, నేలమీద పత్రికలు పరచి పడుకోబెట్టడం మేలు.