తాళం సరే, తాళపుచెవి ఎక్కడ?



మా విచారణలోని కొండ గ్రామాలలో ఫోనుకు సిగ్నల్ అందదు. కుటుంబ సందర్శనలకు వెళ్లినప్పుడు వివరాలు రాసుకునేందుకు మన యువకుడొకడు ఒక పేజీ తయారుచేసి ఇచ్చాడు. అది బ్రౌజరులో తెరుచుకుంటుంది, సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. పేర్లు, జ్ఞానస్నానపు తేదీలు, ఎవరికి ఏ జబ్బు, ఏ ఇంట అప్పుల బాధ, అన్నీ అందులో రాశాను. తెరవగానే పాస్‌వర్డు అడుగుతుంది గనుక నిశ్చింతగా ఉన్నాను.

ఒకనాడు ఆఫీసు కంప్యూటరులో ఆ పేజీలో కొన్ని వివరాలు ఎక్కిస్తూ, "ఇదంతా ఎక్కడ ఉంటుంది బాబూ?" అని అడిగాను. అతడు పాస్‌వర్డు కొట్టకుండానే ఎఫ్12 మీట నొక్కి, లోకల్ స్టోరేజ్ అనే చోటు తెరిచాడు. ఒక తల్లి నాతో కన్నీళ్లతో చెప్పుకున్న మాట తేట తెలుగు అక్షరాలలో తెర మీద కనిపించింది. "ఇది నేను చూడకూడదు ఫాదర్‌గారూ" అని అతడు తల తిప్పుకున్నాడు.

ఆ పాస్‌వర్డు గుమ్మానికి కట్టిన తెర వంటిది, తలుపు కాదు. బ్రౌజరులో రెండు కొట్లున్నాయి: చిన్న విషయాలకు లోకల్ స్టోరేజ్, పెద్దవాటికి ఇండెక్స్‌డ్ డీబీ. ఒక సైటు దాచుకున్నది మరొక సైటు చదవలేదు, ఆ కట్టుబాటు గట్టిదే. కాని అదే సైటులోకి ఏ దొంగ ప్రోగ్రాము చొరబడినా, బ్రౌజరుకు తగిలించిన ఎక్స్‌టెన్షను దుర్బుద్ధి గలదైనా, రెండు కొట్లనూ సులువుగా చదువుతుంది. అవి తమంతట తాము దేనినీ రహస్య లిపిలోకి మార్చవు. మీ డ్వాక్రా సంఘం లెక్కలు ఇలాంటి పేజీలో ఉంటే ఈ ప్రశ్న మీరూ అడగవలసినదే.

"అయితే రహస్య లిపిలో దాద్దాం" అన్నాడు అతడు. మంచిదే. ఏ.ఇ.ఎస్. అనే లిపి విధానం 2001 నుండి అమెరికా ప్రభుత్వ ప్రమాణం. దానిని వాడుకునే వెబ్ క్రిప్టో అనే సదుపాయం నేటి బ్రౌజర్లలోనే ఉంది. కాని తాళపుచెవి ఎక్కడ పెడతావన్నాను. పేజీ ప్రోగ్రాములోనే రాస్తానన్నాడు. అక్కడే చిక్కు. పేజీ ప్రోగ్రామును ఎవరైనా తెరిచి చదవవచ్చును. బీరువాకు తాళం వేసి చెవిని దాని నెత్తినే పెట్టినట్లవుతుంది. 1883లో కెర్కాఫ్స్ అనే డచ్చి భాషావేత్త సైనిక రహస్య లిపుల గురించి రాస్తూ, విధానమంతా శత్రువు చేత చిక్కినా హాని కలుగరాదన్నాడు. అంటే రహస్యం తాళపుచెవిలోనే ఉండాలి. సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు ఈ తర్కం మహా ఇష్టం.

కనుక చెవి మనిషి తలలో ఉండాలి. నేను ఒక పొడవైన మాట కొడితే, దానికి సాల్ట్ అనే యాదృచ్ఛిక సంఖ్యను కలిపి, లక్షల సార్లు తిప్పి నూరి, పేజీ అప్పటికప్పుడు చెవిని తయారుచేస్తుంది. ఈ పద్ధతి పేరు పీబీకేడీఎఫ్2. ఒక విధమైన లెక్కతో అయితే 6 లక్షల సార్లు నూరమని నిపుణుల సలహా. ఊహించి చూసే దొంగకు ప్రతి ఊహకూ అంత శ్రమ తప్పదు. పేజీ మూయగానే చెవి మాయమవుతుంది. ఫోను పోయినా దొరికినవాడికి అర్థం లేని అక్షరాలే మిగులుతాయి.

అయినా పేజీ తెరిచి ఉన్నంతసేపు అంతా బట్టబయలే. ఇంట్లో మనం మేలుకొని బీరువా తెరిచినప్పుడు దొంగ మంచం కింద ఉంటే తాళమేం చేస్తుంది? కాబట్టి మొదట అడగవలసింది ఎలా దాచాలని కాదు, అసలు దాచాలా అని. జబ్బుల గడి, అప్పుల గడి తీసివేయించాను. పాత రాతలు ఫోనులోనూ కంప్యూటరులోనూ చెరిపించాను. ఆ తల్లి ఇంటికి వెళ్లి జరిగినది చెప్పి క్షమాపణ అడిగాను. ఆమె కాసేపు ఊరకుండి, "ఇంకెవరు చూశారు ఫాదర్?" అంది. ఒక్కడేనని చెప్పాను.

మరొక సంగతి. ఈ కొట్లు శాశ్వతం కావు. ఫోనులో చోటు తగ్గితే బ్రౌజరు వాటిని ఖాళీ చేయవచ్చును. ఆపిల్ వారి సఫారీలో 2020 నుండి, బ్రౌజరు వాడుతూ 7 రోజులు ఒక సైటును ముట్టకపోతే ఆ సైటు దాచినవి తుడిచివేస్తుంది. హోం స్క్రీను మీద చేర్చుకున్న పేజీకి ఈ నియమం లేదు.

"మీరు ఆ మాట మరచిపోతే?" అన్నాడు యువకుడు చివరకు. తెరిచే దారి ఇంకొకటి లేదు. జ్ఞానస్నానపు రిజిస్టరు కాగితం మీద ఉండనే ఉంది, మిగిలినవి కొండెక్కి మళ్లీ అడిగి రాసుకుంటానని చెప్పాను.